బండి ఆపితే ఏ చట్టం కింద ఆపారు? మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు పోలీసు తనిఖీల మీద ఒక వివరణ

అనంతపురం నుంచి కదిరి మీదుగా వచ్చే 42వ నంబర్ జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటుకుని తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. టమాటా లారీలు, బెంగళూరు పనులకు పోయే కుర్రాళ్ల బైకులు, సంతకు పశువులను తోలే వ్యాన్లు అన్నీ ఈ రోడ్డు మీదే. ఎర్రచందనం, గంజాయి, పక్క రాష్ట్రం మద్యం కోసం పోలీసులు కాపు కాసేదీ ఇక్కడే. అందుకే ఈ మూడు ఊళ్లలో "బండి పక్కకు పెట్టు" అనే మాట వినని మగపిల్లోడు దొరకడు.

తనిఖీల మీద ఫిర్యాదులూ అన్ని చోట్లా ఒకే రకంగా ఉంటాయి. బండి తాళం లాక్కున్నారు. ఫోన్ లాక్ తీయమన్నారు. నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. వేలిముద్ర వేయించుకున్నారు. "ఊరికే స్టేషన్‌కు వచ్చి పో" అని పిలిచి రాత్రంతా కూర్చోబెట్టారు. ఇవన్నీ టీ కొట్టు దగ్గరా, నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గరా వినబడతాయి. కాగితం మీదికి వచ్చేవి చాలా తక్కువ. వచ్చినవాటిలోనూ "పోలీసులు వేధించారు" అనే ఒక్క వాక్యమే ఉంటుంది. ఏ తేదీన, ఏ అధికారం కింద, ఏం తీసుకున్నారు అన్నది ఉండదు. అట్లాంటి ఫిర్యాదును మూసేయడం చాలా తేలిక.

మన దేశంలో "ఆపి సోదా చేసే అధికారం" అని పోలీసులకు ఒకే ఒక్క అధికారం లేదు. బండి కాగితాలు అడగడానికి ఒక చట్టం, గంజాయి కోసం ఒంటి మీద వెతకడానికి ఇంకో చట్టం, ఇంట్లోకి రావడానికి మరొకటి. ఒక్కోదానికి ఒక్కో హద్దు. మిమ్మల్ని ఏ చట్టం కింద ఆపారో తెలిస్తేనే ఆ హద్దు దాటారా లేదా అని చెప్పగలరు.

బండి కాగితాలు

ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, చట్టం పోలీసుల వైపు గట్టిగా ఉన్నదీ ఇదే. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అడిగినా లైసెన్సు చూపించాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలను ఒరిజినల్‌గానే చూపించక్కర్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139 ఎలక్ట్రానిక్ రూపాన్నీ ఒప్పుకుంటుంది. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నవి చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు రాసింది. గ్యాలరీలో దాచుకున్న జెరాక్స్ ఫొటోకు మాత్రం ఆ విలువ లేదు. చాలామంది ఇక్కడే తప్పు చేసి పోలీసులతో గొడవ పెట్టుకుంటారు.

లైసెన్సు లేకుండానో రిజిస్ట్రేషన్ లేకుండానో నడిపితే సెక్షన్ 207 కింద బండిని ఆపి ఉంచుకోవచ్చు. లైసెన్సు లాంటి పత్రం స్వాధీనం చేసుకుంటే సెక్షన్ 206 ప్రకారం దానికి రసీదు ఇవ్వాలి. నడుస్తున్న బండి నుంచి తాళం లాగేయమని మాత్రం ఈ చట్టంలో ఎక్కడా లేదు. కారణం చెప్పకుండా, రాసివ్వకుండా తాళం తీసుకుపోతే అది ఫిర్యాదు చేయదగ్గ విషయమే.

ఒంటి మీద, సంచిలో వెతకడం

2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, అమల్లో ఉంది. దారిన పోయే ఎవరినైనా ఆపి జేబులు వెతకొచ్చు అని అందులో ఒక్క సెక్షన్ కూడా లేదు. సెక్షన్ 49 అరెస్టయిన మనిషిని వెతకడం గురించి. సెక్షన్ 103 ఒక చోటును సోదా చేసేటప్పుడు అక్కడున్న మనిషి ఏదైనా దాచాడని సహేతుకమైన అనుమానం వస్తే వెతకడం గురించి. మామూలు తనిఖీలో "చేతులు పైకెత్తు" అనడానికి ఈ రెండూ ఆధారం కావు.

ఆ అధికారం ప్రత్యేక చట్టాల నుంచి వస్తుంది. మన రోడ్డు మీద ముఖ్యమైనది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్డీపీఎస్. దాని సెక్షన్ 43 ప్రకారం నేరం చేశాడని నమ్మడానికి కారణం ఉంటే బహిరంగ స్థలంలో మనిషిని ఆపి వెతకొచ్చు. అయితే సెక్షన్ 50 ఒక హక్కు ఇస్తుంది: నన్ను గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో వెతకండి అని మీరు అడగొచ్చు. ఈ హక్కు ఉందని ముందుగా చెప్పాల్సిన బాధ్యత పోలీసుదే. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు ఈ మాట తేల్చి చెప్పాయి. ఒంటి మీద వెతికేటప్పుడే ఇది వర్తిస్తుంది. చేతిలోని సంచికి, బండి డిక్కీకి వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఈ తేడా తెలియక "నా సంచి ముట్టుకోవద్దు, మేజిస్ట్రేటును పిలవండి" అని వాదిస్తే లాభం లేదు. మద్యం, ఎర్రచందనం తనిఖీలకు ఎక్సైజ్, అటవీ చట్టాల్లో వేరే అధికారాలున్నాయి.

ఆడవాళ్ల విషయంలో ఏ చట్టమైనా ఒకటే మాట. మహిళను మహిళే వెతకాలి, మర్యాదకు భంగం రాకుండా. బురఖా ఉన్నా లేకున్నా తేడా లేదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళను అరెస్టు చేయకూడదు. చేయాల్సి వస్తే మహిళా అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఇది బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 43లో ఉంది.

ఇంటి సోదా, తెల్లవారుజాము కార్డన్

తెల్లవారకముందే వీధికి రెండు వైపులా జీపులు పెట్టి ఇల్లిల్లూ తిరగడాన్ని "కార్డన్ అండ్ సెర్చ్" అంటారు. మరుసటి రోజు పేపర్లో "పత్రాలు లేని ఇన్ని బైకులు స్వాధీనం" అని ఫొటోతో వస్తుంది. బీఎన్ఎస్ఎస్‌లో ఈ పేరుతో అధికారం లేదు. ఉన్నది సెక్షన్ 185: వారంట్ లేకుండా ఒక చోటును సోదా చేయాలంటే దర్యాప్తు అధికారి ముందుగా కారణం రాసుకోవాలి, ఏ వస్తువు కోసమో రాయాలి, ఆ రాతను 48 గంటల్లో మేజిస్ట్రేటుకు పంపాలి. సెక్షన్ 103 ప్రకారం ఇద్దరు స్థానిక సాక్షులు ఉండాలి, తీసుకున్న వస్తువుల జాబితా నకలు ఇంట్లోవాళ్లకు ఇవ్వాలి.

కొత్త చట్టం తెచ్చిన మేలు ఒకటుంది. సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని ఆడియో, వీడియో రికార్డు చేయాలి, మొబైల్‌తో అయినా సరే. ఆ రికార్డింగ్‌ను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఒక వీధిలో యాభై ఇళ్లు సోదా చేస్తే ఒక్కో ఇంటికీ కారణం ఎక్కడ రాశారు, వీడియో ఎక్కడుంది అని అడిగే హక్కు ఈ సెక్షన్లు ఇస్తాయి. నాకు తెలిసి మన వైపు ఎవరూ ఈ ప్రశ్న రాతలో అడగడం లేదు.

ఫోన్, ఫొటో, వేలిముద్ర

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు బైకులు ఆపి కుర్రాళ్ల వాట్సాప్ చాట్లలో "గంజాయి" అనే మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. దేశమంతా గోల అయింది. దారిలో ఎవరి ఫోనైనా తెరిపించి చదివే అధికారం ఏ చట్టంలోనూ లేదు. ఒక కేసు దర్యాప్తులో ఫోన్ కావాలంటే సెక్షన్ 94 కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. నేరానికి సంబంధించిందని అనుమానంతో స్వాధీనం చేసుకుంటే సెక్షన్ 106 కింద మేజిస్ట్రేటుకు తెలపాలి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. మీరే లాక్ తీసి ఇస్తే మాత్రం "ఇష్టపూర్వకంగా ఇచ్చాడు" అని రాసుకుంటారు. "సార్, రాసివ్వండి, ఇస్తాను" అన్న జవాబుతో గొడవ పెద్దది కాదు, హక్కూ పోదు.

వేలిముద్రల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ఎవరి ముద్రలు, ఫొటోలు తీసుకోవచ్చో చెబుతుంది: శిక్ష పడ్డవాళ్లు, అరెస్టయినవాళ్లు, బైండోవర్ అయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు. వీళ్లు కాకపోతే మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి. రాత్రి రెండో ఆట సినిమా చూసి ఇంటికి పోయే మనిషి ఈ జాబితాలో లేడు.

ఫొటో విషయం కోర్టులో ఉంది. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఆయన ఒప్పుకోకపోయినా ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఎందుకు, ఎక్కడ దాస్తున్నారు అని ఆయన నోటీసు ఇచ్చి, జవాబు రాకపోతే తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికత చట్టబద్ధతనే ఆ పిటిషన్ ప్రశ్నిస్తోంది. నిజానికి అది ఒక్క ఫొటో. ఆయన దగ్గర తేదీ, చోటు, జరిగిన వివరం ఉన్నాయి కాబట్టే కేసు నిలబడింది.

"ఊరికే స్టేషన్‌కు రా"

అన్నిటికంటే భయపెట్టేది ఇది, ఎందుకంటే ఇక్కడి నుంచే మిగతా అన్యాయాలు మొదలవుతాయి. హైదరాబాద్ పాతబస్తీలో "మిషన్ చబుత్రా" పేరుతో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లి తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్ ఇచ్చేవారు. కొందరు తల్లిదండ్రులు మెచ్చుకున్నారు కూడా. నేరం లేకుండా స్టేషన్‌లో కూర్చోబెట్టడానికి మాత్రం కౌన్సెలింగ్ అనే మాట చాలదు.

కొత్త చట్టంలో సెక్షన్ 172 ఉంది. పోలీసు చట్టబద్ధంగా చెప్పిన మాట వినకపోతే ఆ మనిషిని నిర్బంధించొచ్చు. చిన్న విషయమైతే వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు వదిలేయాలి. పాత చట్టంలో ఇది లేదు, దుర్వినియోగం అవుతుందన్న భయం న్యాయవాదుల్లో ఉంది. నోటీసు ఇచ్చి పిలవాలంటే సెక్షన్ 35(3) ఉంది, సాక్షిగా పిలవాలంటే సెక్షన్ 179 ఉంది. రెండూ రాతలోనే. మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన పెద్దలను సాక్ష్యం కోసం వాళ్ల ఇంటి దగ్గరే అడగాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. అరెస్టు చేస్తే కారణం రాసి ఇవ్వాలి, మనిషికి అర్థమయ్యే భాషలో. అన్ని నేరాలకూ ఇది వర్తిస్తుందని 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉర్దూ మాత్రమే చదవగల పెద్దాయనకు ఇంగ్లిషు కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే సరిపోదు.

దారిలో మొదలైన అనుమానం ఎక్కడికి పోతుందో మన రెండు రాష్ట్రాలూ చూశాయి. 2020 నవంబరు 3న నంద్యాలకు చెందిన ఒక ఆటో డ్రైవర్ భార్య, ఇద్దరు పిల్లలతో కలిసి రైలు కింద పడి చనిపోయాడు. దొంగతనం నింద మోపి పోలీసులు వేధిస్తున్నారని చనిపోయే ముందు తీసిన వీడియోలో ఆ కుటుంబం చెప్పుకుంది. సీఐని, హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. 2023 జనవరిలో మెదక్‌లో సీసీటీవీలో కనిపించిన గొలుసు దొంగలా ఉన్నాడని ఒక కూలీని పట్టుకుపోయారు. స్టేషన్‌లో దెబ్బలు తిన్నానని చెప్పిన అతను ఫిబ్రవరిలో ఆస్పత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇద్దరూ ముస్లింలే. రెండు చోట్లా మొదటి రోజున చేతిలో ఒక కాగితం ఉండుంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

కుప్పంలో, పుంగనూరులో కోర్టుకు వెళ్లినవాళ్లు

మన మూడు ఊళ్ల పేర్లు ఈ విషయంలో రాష్ట్రమంతా వినబడింది 2023లోనే. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ 2023 జనవరి 2న అప్పటి ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 దానికి ఆధారం. రెండు రోజులకే కుప్పం వచ్చిన చంద్రబాబు నాయుడిని పోలీసులు అడ్డుకున్నారు. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ వేసిన పిటిషన్ మీద హైకోర్టు జనవరి 12న ఆ జీవోను ఆపింది. మే 12న అది ప్రాథమిక హక్కులకు విరుద్ధమని కొట్టేసింది.

అదే ఏడాది ఆగస్టు 4న మదనపల్లె దగ్గర అంగళ్లులో, తర్వాత పుంగనూరు బైపాస్‌లో గొడవలు జరిగాయి. పోలీసు వాహనాలు తగలబడ్డాయి, ఒక కానిస్టేబుల్‌కు ఒక కంటి చూపు పోయింది. అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత పెద్ద సంఖ్యలో అరెస్టులు, ఇళ్ల దగ్గర వెతుకులాట, అమాయకులను ఇరికించారన్న ఫిర్యాదులు. అంగళ్లు కేసులో చంద్రబాబుకు అక్టోబరులో హైకోర్టు ముందస్తు బెయిల్ ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక అవే ఫిర్యాదులు అవతలి పార్టీ నోట వినబడుతున్నాయి.

పార్టీ వెనక ఉన్నవాళ్లకు లాయరు అదే రోజు దొరుకుతాడు. కోర్టు పది రోజుల్లో జవాబిస్తుంది. టమాటా మండీలో మూటలు మోసే కుర్రాడికి ఆ దారి లేదు, కానీ చట్టం ఇద్దరికీ ఒకటే.

బక్రీద్ ముందు పశువుల బండ్లు

ఏటా బక్రీద్‌కు ముందు వచ్చే సమస్య ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం ప్రకారం ఆవును వధించడం నేరం. ఎద్దు, దున్న విషయంలో అధికారి సర్టిఫికెట్ కావాలి. రవాణాలో జంతువులను కుక్కి తోలితే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వస్తుంది. పోలీసులు ఆపి చూడడంలో తప్పు లేదు. సంత రసీదు, వెటర్నరీ సర్టిఫికెట్ బండిలో ఉంచుకోవాలి.

ఆపేది పోలీసు కానప్పుడు సంగతి వేరు. ఏ సంఘం పేరు చెప్పుకున్నా ప్రైవేటు మనిషికి బండి సోదా చేసే అధికారం లేదు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 40 ప్రకారం తన కళ్ల ముందు నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం జరిగితే పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అంతే. 2018లో తెహసీన్ పూనావాలా తీర్పు ప్రతి జిల్లాలో మూకదాడులు ఆపడానికి ఒక నోడల్ అధికారి ఉండాలని ఆదేశించింది. అడ్డుకున్న క్షణమే 112కు ఫోన్ చేయాలి.

మనవాళ్లనే ఎక్కువ ఆపుతారా?

ఈ ప్రశ్న ప్రతి చోటా ఎదురవుతుంది. ఇంగ్లండ్‌లో 1984 చట్టం కింద ఆపి సోదా చేస్తే పోలీసు కారణం చెప్పాలి, రాసుకోవాలి, అడిగితే ఆ రికార్డు నకలు ఇవ్వాలి. ఏ జాతివాళ్లను ఎంతమందిని ఆపారో ఏటా లెక్క ప్రచురిస్తారు. అక్కడి నల్లజాతివాళ్లు ఆ లెక్కనే చూపించి వాదిస్తారు. మన దగ్గర ఆపిన మనిషి లెక్కే లేదు, చలానా రాస్తే తప్ప. బీకాంలో మొదటి నెలలోనే చెబుతారు, వోచర్ లేని ఎంట్రీ ఉండదని. ఇక్కడ ఎంట్రీయే ఉండదు, ఇక వివక్ష ఉందని నిరూపించేది ఎట్లా, లేదని నిరూపించేది ఎట్లా. ఒక్క ఆధారం మాత్రం ఉంది: కామన్ కాజ్, లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ 2019 సర్వేలో, ముస్లింలు సహజంగా నేరాల వైపు మొగ్గుతారని సుమారు సగం మంది పోలీసులు ఎంతో కొంత ఒప్పుకున్నారు. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా, వెనకబడిన వర్గాల అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కకుండా చూడాలని పోలీసులను హెచ్చరించింది.

ఫిర్యాదు ఎక్కడ, ఎట్లా

ఘటన జరిగిన రోజే రాసుకోండి: తేదీ, సమయం, చోటు, పోలీసు బండి నంబరు, ఛాతీ మీద పేరు, చలానా నంబరు, పక్కన ఎవరున్నారు. ఏం అడిగారు, మీరేం చెప్పారు. కోపంగా ఒక్క మాట కూడా వద్దు. దారిలో చేయి అడ్డం పెట్టడం, తోయడం అసలు వద్దు. ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకున్నారని కేసు పడితే మీ ఫిర్యాదు మూలకు పోతుంది.

మొదట ఎస్పీ. ప్రతి సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అర్జీకి రసీదు అడిగి తీసుకోండి. ఈ మూడు ఊళ్లూ ఒకప్పుడు ఒకే చిత్తూరు జిల్లా, ఇప్పుడు కావు. మీ స్టేషన్ ఏ జిల్లా ఎస్పీ కింద ఉందో ముందే చూసుకోండి. రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు. ప్రభుత్వ ఉద్యోగి మీద ఫిర్యాదు అయితే సెక్షన్ 175(4) ప్రకారం పై అధికారి నివేదిక తెప్పించుకున్నాకే దర్యాప్తుకు ఆదేశిస్తారు కాబట్టి ఆలస్యం అవుతుంది. మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి.

పోలీసుల మీద ఫిర్యాదుకే ప్రత్యేకంగా రాష్ట్ర, జిల్లా స్థాయి అథారిటీలు పెట్టాలని 2006లో ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పింది. మన రాష్ట్రంలో 2021లో జస్టిస్ కనగరాజ్‌ను చైర్మన్‌గా వేస్తే ఆ నియామకాన్ని హైకోర్టు అదే ఏడాది నిలిపేసింది. ఒక్క ఆ దారి మీదే ఆశ పెట్టుకుని నెలలు పోగొట్టుకోవద్దు.

స్టేషన్‌లో కూర్చోబెట్టారంటే సీసీటీవీ ఉంటుంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, ఫుటేజీ 18 నెలలు, కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు ఫుటేజీ భద్రపరచమని వారంలోపే రాతలో అడగండి, సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయల పని. ఆ అర్జీ ఉన్నాక ఫుటేజీ చెరిగిపోయిందంటే కోర్టు ఎందుకని అడుగుతుంది.

తెలుగు రాయడం రాని పెద్దవాళ్లు ఉర్దూలోనే రాయొచ్చు. 2022 సవరణ చట్టంతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. మూడు ఊళ్లలోనూ కోర్టు ఆవరణల్లో న్యాయ సేవల కమిటీలు పనిచేస్తాయి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ఆ సాయం కోసం ఫోన్ నంబరు 15100.